ఆదివారం గోరింక

ఆ ఏడు వానాకాలమంతా నేను ఒకే ఒక్క భయంతో బతికాను. మా ఆయన చేతిలో ఎర్రచిలక చస్తుందేమోనని. మొగుడు తాగొచ్చి కొడతాడేమోనని భయపడే ఆడవాళ్ళున్నారు, వేటకెళ్ళిన పడవ తిరిగి రాదేమోనని భయపడేవాళ్ళున్నారు. ఒక పిట్ట కోసం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తిరిగినదాన్ని మా దీవిలో నేనొక్కదాన్నే అయివుంటాను.

గోరింకలు మా దీవివి కావు. మా తాతల కాలంలో కొబ్బరాకులు తినే పురుగుల్ని ఏరుకు తింటాయని ఎవరో పెద్దమనుషులు ఓడలో తెప్పించి వదిలారట. ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే అదే. పురుగులు పోలేదు కానీ గోరింకలు ఊరిని ఏలాయి. అరటి గెలని పండనిచ్చేవి కావు. వంటింట్లోకి దర్జాగా నడిచొచ్చి, మనం చూస్తుండగానే పళ్ళెంలోంచి చేమదుంప ముక్క ఎత్తుకెళ్ళేవి. అదంతా భరించాం. ఎర్రచిలకల జోలికి వచ్చాకే వాటికీ మాకూ చెడింది.

ఎర్రచిలకలు మాత్రం మావే. మేమే లేకుండా చేసుకున్నాం. నాయకుల తలపాగాలకి ఎర్ర ఈకలు కావాలని మా పూర్వులు పట్టి పట్టి చంపి ఒక్కదాన్నీ మిగల్చలేదు. తరాలు గడిచాక మా పెద్దలు సముద్రం దాటి ఇంకో దీవికి వెళ్ళి, అక్కడివాళ్ళని బతిమాలుకుని కొన్ని జతలు తెచ్చి వదిలారు. మా మనిషి చేతిలో ఒక్క చిలక కూడా చావదని వాళ్ళ చర్చిలో నిలబడి మాటిచ్చారు. ఆ మాటిచ్చినవాళ్ళలో మా నాన్న మానావా ఒకడు. చిలకలు చెట్టు తొర్రల్లో పిల్లల్ని పెడతాయి. గోరింకలకీ ఆ తొర్రలే కావాలి. చిలక పిల్లల్ని ముక్కుతో పట్టి బయటికి లాగి కింద పడేసేవి. చిలకా గోరింకల్లా ఉండండని పెళ్ళిళ్ళలో దీవించేవాళ్ళు ఒక్కసారి మా ఊరొచ్చి చూడాల్సింది.

గోరింకలు గుంపులు గుంపులుగా ఉన్నప్పుడు పరాయి దేశం నుంచి వేటగాళ్ళు వచ్చారు. వలలు వేశారు, బోనులు పెట్టారు, తుపాకులతో కొట్టారు. చివరికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాక వాళ్ళ గడువైపోయి వెళ్ళిపోయారు. మిగిలినవి మామూలు పిట్టలు కావు, తుపాకిని చూసి చూసి ఆరితేరిపోయినవి. మా ఊళ్ళో పక్షుల ఆఫీసు నడిపే తాంగీ, వరసకి నాకు వదిన, వాటిని మా ఆయన పాయెరేకి అప్పజెప్పింది. దీవిలో అంత గురి ఉన్నవాడు ఇంకొకడు లేడు. ఒక్క జత గూడు కట్టి పిల్లల్ని లేపిందంటే ఇన్నేళ్ళ పని గంగలో కలిసినట్టేననీ, ఈ వానాకాలం దాటకుండా అన్నిటినీ పడగొట్టాలనీ చెప్పింది. పాయెరే తల ఊపి వచ్చాడు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం నేను పెరట్లో కొబ్బరి కోరుతున్నాను. పాయెరే వసారాలో కూర్చుని తుపాకి తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి తుపాకి భుజానికి ఎత్తి వంటపాక కప్పు వైపు గురిపెట్టాడు. అక్కడ ఉన్నది నా గోధుమరంగు పెట్ట. గుడ్లు పెట్టే పెట్ట, రోజూ ఆయన చేతిలోంచే గింజలు తినే పెట్ట.

"అది మన పెట్ట," అన్నాను.

తుపాకి దించి నవ్వాడు. నిన్ను ఏడిపిద్దామని అన్నాడు. నవ్వింది నోరే. చేతులు మాత్రం తుపాకిని ఒళ్ళో పెట్టుకోవడానికి కూడా తడుముకున్నాయి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన చేతులు దేనికీ తడుముకోగా నేను చూడలేదు.

గట్టిగా అడిగితే చెప్పేశాడు. షుగరు కళ్ళలోకి వచ్చిందట. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి తడిబట్ట అడ్డం పెట్టుకుని చూసినట్టు ఆకారాలు తెలుస్తాయి, రంగులు తెలియవు. పెద్ద దీవి ఆసుపత్రికి వెంటనే వెళ్ళమని నర్సమ్మ ఎన్నడో చెప్పిందట. వెళ్తే మళ్ళీ ఎప్పుడు వస్తానో, ఈలోగా గోరింకలు గూళ్ళు కట్టేస్తాయని వెళ్ళలేదట. ఈ వానాకాలం దాటనీ, ఆ తరవాత నువ్వు ఎక్కడికి లాక్కెళ్తే అక్కడికి వస్తానన్నాడు.

"కనపడకుండా కొట్టి, చిలకని చంపావనుకో?"

"అందుకే నువ్వు కావాలి," అన్నాడు. "నాకు గురి ఉంది. ఎక్కడుందో చెప్తే ఇప్పటికీ కొట్టగలను. ఏంటో చెప్పేవాళ్ళు లేరంతే."

ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ముఖ్యంగా మా నాన్నకి. చెప్తే తుపాకి లాక్కుంటారు, గోరింకలు మళ్ళీ ఊరి నిండా అవుతాయి. చెప్పకపోతే ఏదో ఒకరోజు ఈయన చేతిలో చిలక రాలిపోతుంది, మా నాన్న ఇచ్చిన మాట మా ఇంటి గుమ్మంలోనే చచ్చిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుని నేను నూతిలోకే దూకాను.

మర్నాటి నుంచి బండి నేను నడిపేదాన్ని. ఆయన వెనక తుపాకి అడ్డంగా పెట్టుకుని, ఒక చేత్తో నా నడుం పట్టుకుని కూర్చునేవాడు. ఊరికి అంతకన్నా పండగేముంది. తోటలో నారింజ సారా చుట్టూ కూర్చునే మగవాళ్ళు మమ్మల్ని చూడగానే చప్పట్లు కొట్టేవాళ్ళు. పాయెరేకి ఈ మధ్య సారాకంటే పెళ్ళాం నడుమే ఎక్కువ కిక్కిస్తోందని ఒకడంటే, కాదురా గోరింకలకి దారి చూపించడానికి పెద్ద గోరింకని ముందు కూర్చోబెట్టుకున్నాడని ఇంకొకడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, మీ పెళ్ళాలు మిమ్మల్ని వెనక కూడా ఎక్కించుకోరని అంటించేదాన్ని. అందరం నవ్వేవాళ్ళం. ఆ నవ్వు చాటునే మా గుట్టు దాగింది. సారా చిప్ప చేతికిస్తే అందుకోలేక దొరికిపోతానని పాయెరే ఆ గుంపులోకి వెళ్ళడమే మానేశాడు. అది వాళ్ళకి కొత్త కాపురంలా కనపడింది.

పని ఇలా ఉండేది. గోరింక అరుపు వినపడగానే బండి ఆపి, నడిచి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఆయన ముందు, నేను వెనక. నేను చెట్టుని వెతికి, ఫలానా కొమ్మ, కాండానికి ఇంత ఎడంగా అని చెవిలో చెప్పేదాన్ని. ఆయన ఆ మసకలో ఆకారాన్ని పట్టుకుని గురి నిలిపేవాడు. అది గోరింకేనని నాకు తేలితే ఆయన వీపు మీద అరచేత్తో ఒక్కసారి తట్టాలి. తట్టకపోతే తుపాకి పేలదు. పసుపు ముక్కు, కంటి చుట్టూ పసుపు, ఎగిరితే రెక్కలో తెల్ల మచ్చ. ఎండలో అయితే చంటిపిల్ల కూడా చెప్తుంది. వానాకాలం మబ్బులో, దట్టమైన ఆకుల మధ్య, గోరింకా చిలకా రెండూ నల్ల ముద్దలే.

తట్టిన ప్రతిసారీ నా ప్రాణం ఆ అరచేతిలోంచే పోయేది. తుపాకి పేలాక పిట్ట కింద పడేలోపు ఉండే ఆ కాస్త సేపు ఉంది చూశారూ, దానికి నరకమని పేరు పెట్టొచ్చు. పరుగున వెళ్ళి గడ్డిలో వెతికి, గోధుమరంగు కనపడ్డాక గానీ ఊపిరి అందేది కాదు. "గోరింకే" అని కేకేసేదాన్ని. పాయెరే తుపాకి కిందపెట్టి చెమట తుడుచుకునేవాడు.

ఒకటీ, మరొకటీ, అలా తగ్గుతూ వచ్చాయి. తాంగీ సంబరపడుతూ మా ఇంటికి వచ్చి, అన్నయ్య కళ్ళు గద్ద కళ్ళని మెచ్చుకునేది. నేను లోపలికి వెళ్ళి టీ పెట్టే నెపంతో పొయ్యి దగ్గర నిలబడేదాన్ని.

చేమ మళ్ళ దగ్గర ఒక సాయంత్రం వాన వెలిసింది. మడి గట్టు మీద సీమపనస చెట్టుంది. గోరింకల కీచులాట అక్కణ్ణుంచే వస్తున్నట్టుంది. చూస్తే ఒక కొమ్మ మీద రెండు ముద్దలు, మెడలు లోపలికి లాక్కుని తడిసి కూర్చున్నాయి. ఎక్కడున్నాయో చెవిలో చెప్పాను. పాయెరే గురి నిలిపాడు. నేను చెయ్యి ఎత్తాను. చెయ్యి గాల్లో ఉండగానే మబ్బు పక్కకి జరిగి కాస్త ఎండ పడింది. ఒక ముద్ద మెడ సాచి ఒళ్ళు దులుపుకుంది. దాని రొమ్ము ఎర్రగా నిప్పులా మెరిసింది.

నా చెయ్యి ఆయన వీపుకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. గోరింకలు అరుస్తున్నది పక్క చెట్టులో. నేను చూసింది జత చిలకల్ని.

ఏమైందని అడిగాడు. ఎగిరిపోయాయని అబద్ధం చెప్పాను. అవి అక్కడే కూర్చుని ఒకదాని మెడ ఒకటి సవరించుకుంటున్నాయి. నేను మడి గట్టు దిగి, ఆయనకి వినపడనంత దూరం వెళ్ళి, దోసిళ్ళతో మడి నీళ్ళు ముఖాన కొట్టుకున్నాను. అంత భయం నేను ప్రసవాల్లో కూడా పడలేదు. తిరిగొచ్చేసరికి ఆయన బండి దగ్గర నిలబడి ఉన్నాడు. నా ముఖం కనపడదు కాబట్టి నా చెయ్యి పట్టుకుని చూశాడు. ఇంటికి పోదామన్నాడు.

అప్పటినుంచి నాకు ఎక్కడ చూసినా ఎరుపే. దండెం మీద ఎర్ర గౌను ఆరేసుంటే చూడలేక లాగి మడతపెట్టేసేదాన్ని. మందార పువ్వు రాలితే పరుగెత్తుకెళ్ళి చూసేదాన్ని. ప్రార్థనకి కూర్చుంటే కళ్ళు మూతపడేవి కావు. మూస్తే ఆ కొమ్మ, ఆ చెయ్యి. మా నాన్న మాత్రం ఏమీ తెలియనట్టే ప్రతి సాయంత్రం మా వసారాకి వచ్చి, అల్లుడితో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళేవాడు. ఆయన రాగానే పాయెరే నిటారుగా కూర్చుని, గొంతు వచ్చే దిక్కుకి సూటిగా చూస్తూ మాట్లాడేవాడు. ఇద్దర్నీ చూస్తూ నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని.

చివరికి ఒక్కటే మిగిలింది.

ఆ ఒక్కటీ మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది. దానికి మా బండి చప్పుడు తెలుసు. పాయెరే నడక తెలుసు, టోపీ తెలుసు. ఆయన టోపీ మార్చాడు. చొక్కా మార్చాడు. ఒకరోజు నా పువ్వుల గౌను తొడుక్కుని, తలకి కొబ్బరాకు టోపీ పెట్టుకుని బయల్దేరాడు. ఊరు ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. పాస్టరు గారి భార్య అయితే నడుం దగ్గర కాస్త వదులు చేయించుకోమని సలహా కూడా ఇచ్చింది. గోరింక ఎక్కడో దూరంగా కూర్చుని చూసి, మెల్లగా లేచి చక్కా పోయింది. ఆ తరవాత అది అసలు కనపడటమే మానేసింది.

వారమంతా కనపడని పిట్ట ఆదివారం కనపడుతోందని కనిపెట్టింది తాంగీ. అదీ చర్చి ఆవరణలోనే. మా దీవిలో పాదిరీలు వచ్చిన నాటి నుంచీ ఆదివారం ఎవరూ తుపాకి పేల్చరు, గొడ్డలి ఎత్తరు, పడవ నీళ్ళలోకి తొయ్యరు. ఆదివారం నీళ్ళు తోడినా మా నాన్నకి కోపమే. గోరింకలని కొట్టే ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారం కూడా తుపాకి పేలలేదు. ఆ పిట్ట అది నేర్చుకుంది. తెల్లబట్టలు వేసుకుని అందరూ చర్చికి చేరే రోజున తనకేమీ కాదని దానికి తెలుసు. ప్రార్థన వేళా, ఆ తరవాత చర్చి సావడిలో విందు వేళా వచ్చి, బయట పారేసిన బొప్పాయి, చేమ ముక్కలు తిని, తీరిగ్గా చర్చి వెనక్కి నడిచేది.

చర్చి వెనక సమాధుల అవతల తల తెగిన కొబ్బరి మోడు ఒకటుంది. దాని తొర్రలో ఎర్రచిలకల జత పిల్లల్ని పెట్టింది. ఒక ఆదివారం సాయంత్రం తాంగీకి ఆ మోడు మొదట్లో ఒక చిలక పిల్ల దొరికింది, కళ్ళు పొడిచేసి. తొర్రలో రెక్కలొస్తున్న పిల్ల ఇంకొకటే మిగిలింది. తొర్రకి అడ్డం వల కడితే తల్లిపిట్టలే లోపలికి పోలేదు, విప్పెయ్యాల్సి వచ్చింది. మనిషిని కాపలా పెడితే మేత పెట్టడానికి రాకుండా దూరంగా కూర్చున్నాయి. బోను వైపు గోరింక తలైనా తిప్పలేదు.

తాంగీ, నేనూ కలిసి మా నాన్న దగ్గరికి వెళ్ళాం. ఆయన సంఘ పెద్ద. ఆదివారం విషయంలో పాస్టరు మాట కంటే ఆయన మాటే చెల్లుతుంది. పంది కుడితికి కొబ్బరి గీకుతూ అంతా విన్నాడు. వినడం అయ్యాక కూడా గీకుతూనే ఉన్నాడు.

"సోమవారం కొట్టండి," అన్నాడు.

"సోమవారం అది రాదు మావయ్యా," అంది తాంగీ. "దానికి ఆదివారం నేర్పింది మనమే."

"అది పిట్ట. దానికి తెలియదు. మనకి తెలుసు."

చిలక పిల్ల చస్తుందనీ, ఇచ్చిన మాట గుర్తు చేసుకోమనీ తాంగీ అంటే ఆయన ముఖం ఎర్రబడింది. నేనిచ్చిన మాట నాకు గుర్తు చెయ్యాల్సిన పని లేదన్నాడు. ఆ రోజు ఆ దీవి చర్చిలో నిలబడినప్పుడు దేవుడి ఎదుటే మాటిచ్చానని, ఆ దేవుడి రోజునే తుపాకి పేలిస్తే ఇంక ఆ మాటకి విలువేముందని అడిగాడు. నిజం చెప్పాలంటే ఆయన వద్దన్నందుకు నాకు లోపల్లోపల హాయిగా అనిపించింది. తొర్ర నోటి దగ్గర, చిలకలు చుట్టూ తిరుగుతుండగా, కళ్ళు లేని మనిషితో తుపాకి పేల్పించడం నా వల్లయ్యే పని కాదు.

ఇంటికి వచ్చి పాయెరేతో చెప్పాను. విని, సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేనంటే అనుమానించాల్సింది.

ఆదివారం పొద్దున్న ఎప్పటిలాగే తెల్లబట్టలు వేసుకుని చర్చికి వెళ్ళాం. ఆయన చెయ్యి పట్టుకోకుండా భుజానికి నా భుజం ఆన్చి నడిపించడం నాకు అలవాటైపోయింది. మగవాళ్ళ వైపు కూర్చోబెట్టి నేను ఆడవాళ్ళ వైపు వెళ్ళాను. మా నాన్న పెద్దల బల్ల మీంచి లేచి కీర్తన ఎత్తుకున్నాడు. ఆయన ఎత్తుకుంటే ఊరంతా అందుకుంటుంది, ఆడవాళ్ళు పై గొంతుతో, మగవాళ్ళు కింది గొంతుతో, కప్పు రేకులు అదిరేలా. రెండో చరణంలో ఊపిరికి ఆగిన చోట నాకు బయటి నుంచి చిలకల కేకలు వినపడ్డాయి. మామూలు కేకలు కావు. వాటి మధ్యలో గోరింక గొంతు.

మగవాళ్ళ వైపు చూశాను. పాయెరే కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. పాట మధ్యలో లేచి బయటికి పరుగెత్తిన ఆడదాన్ని మా చర్చి అంతకుముందు చూసి ఉండదు. గోడ పట్టుకుని చర్చి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాను. సమాధుల మధ్య పాయెరే నిలబడి ఉన్నాడు, తెల్లచొక్కా, తెల్లప్యాంటు, భుజం మీద తుపాకి. శనివారమే తెచ్చి ఎక్కడో దాచినట్టున్నాడు. గొట్టం మోడు వైపు ఉంది. చూసి పెట్టింది కాదు, విని పెట్టింది. గోరింక తొర్ర అంచు పట్టుకుని లోపలికి తల దూరుస్తోంది. చిలకలు రెండూ దాని తల మీదా వీపు మీదా పడి రక్కుతున్నాయి. మూడూ ఒకే ముద్ద.

అరిస్తే చెయ్యి జారి పేల్చేస్తాడని అరవలేదు. మెల్లగా వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

"వచ్చావా," అన్నాడు, తల తిప్పకుండా. "చెప్పు."

"ఇప్పుడు కాదు. కలిసున్నాయి."

నిలబడ్డాం. లోపల మూడో చరణం మొదలైంది. గోరింక చిలకల్ని విదిలించుకుని ఎగిరి మోడు తల మీద వాలింది. చిలకలు తొర్ర నోటికి అడ్డంగా చేరాయి. పసుపు ముక్కు నాకు స్పష్టంగా కనపడుతోంది. మోడు తల మీద ఉన్నది, పైన ఆకాశమే ఉన్నది అని చెప్పి, వీపు మీద తట్టాను.

తుపాకి పేలలేదు.

మళ్ళీ తట్టాను. గొట్టం చివర వణకడం మొదలుపెట్టింది. ఆయన మెడ వెనక చెమట కారుతోంది. "ఖాయమేనా?" అన్నాడు. ఖాయమన్నాను. "మన పిల్లల మీద ఒట్టు?" అన్నాడు. ఒట్టన్నాను. అయినా పేలలేదు.

"నా వల్ల కాదే," అన్నాడు చివరికి. "నాకు అంతా ఎర్రగానే కనపడుతోంది."

అంతవరకూ ఆ భయం నాదొక్కదానిదే అనుకున్నాను. ఆ వానాకాలమంతా అంతే భయాన్ని ఆయన తుపాకి వెనక మోస్తున్నాడని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. వెనక రాళ్ళ మీద అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే మా నాన్న, చేతిలో కీర్తనల పుస్తకంతో. పాట ఆయన లేకుండానే లోపల సాగుతోంది.

అయిపోయింది అనుకున్నాను. ఆదివారం, చర్చి ఆవరణ, సమాధుల మధ్య తుపాకి, పట్టుకున్నది ఆయన అల్లుడు. ఆయన నన్ను చూశాడు. పాయెరేని చూశాడు, ఆ వణుకుతున్న గొట్టాన్ని చూశాడు. తరవాత మోడుని చూశాడు. చాలాసేపు చూశాడు. గోరింక కిందికి వంగి తొర్రలోకి చూసుకుంటోంది.

పుస్తకం నా చేతికిచ్చాడు. పాయెరే భుజం మీంచి తుపాకి మెల్లగా తీసుకున్నాడు. పాయెరేకి కుర్రప్పుడు తుపాకి పట్టడం నేర్పింది ఆయనే. ఆ సంగతి మేమిద్దరం మరిచిపోయాం. గోరింక మళ్ళీ తల ఎత్తి నిటారుగా నిలబడేదాకా ఆగాడు. పేల్చాడు.

లోపల పాట తెగిపోయింది.

పిట్ట మోడు అవతల గడ్డిలో పడింది. మా నాన్నే నడిచి వెళ్ళి, వంగి చూసి, గోరింకే అని చెప్పాడు. చిలకలు కాసేపు గోల చేసి, ఒకటి తొర్రలోకి దూరింది. లోపలి నుంచి పిల్ల అరుపు సన్నగా వినపడింది. జనం చర్చి మూల మీదకి వచ్చి నిలబడ్డారు. తాంగీ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

మా నాన్న తుపాకి నాకు ఇచ్చాడు, పాయెరేకి ఇవ్వలేదు. పాయెరే మోచెయ్యి పట్టుకున్నాడు.

"రాళ్ళున్నాయి అల్లుడూ," అన్నాడు. "చూసి... మెల్లగా అడుగెయ్యి."

ఊరందరి ముందూ అలా చెయ్యి పట్టుకుని మా ఇంటిదాకా నడిపించుకొచ్చాడు. ఎన్నాళ్ళ నుంచి తెలుసని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. వసారాలో కూర్చోబెట్టి, పై సోమవారం వచ్చే విమానంలో చోటు కోసం తాంగీతో తనే మాట్లాడాడు.

మా పాస్టరు పెద్ద దీవి నుంచి వచ్చిన కుర్రాడు. జరిగిందేదో మంచికే జరిగిందనీ, దేవుడు అర్థం చేసుకుంటాడనీ, మీరు మీ బల్ల మీదే కూర్చోవాలనీ మా నాన్నని ఇంటికొచ్చి బతిమాలాడు. మా నాన్న అతనికి కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి మాట్లాడి పంపేశాడు. ఆదివారం నీళ్ళు తోడినందుకు తను ఎందర్ని వెనక బల్లకి పంపాడో ఆయనకి బాగా గుర్తు. వాళ్ళలో మా అమ్మ కూడా ఒకతె.

ఆ తరవాతి ఆదివారం పెద్దల బల్ల మీద ఒక చోటు ఖాళీగా ఉంది. మేం ముగ్గురం వాకిలి పక్కనున్న చివరి బల్ల మీద కూర్చున్నాం. పాయెరే మధ్యలో. బయట వాన తగ్గి ఎండ కాస్తోంది. కీర్తన సంఖ్య చెప్పారు. ఎత్తుకునేవాళ్ళు లేరు. ఊరు ఊరంతా మెడలు తిప్పకుండా చెవులతో మా బల్ల వైపే చూసింది. మా నాన్న పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆఖరికి ఎవరో కుర్రాడు తగ్గు గొంతుతో ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళకి పై గొంతు కుదరలేదు. ఎలాగో ఈడ్చుకుంటూ పాడారు.

పాట అయ్యాక ఆ నిశ్శబ్దంలో వాకిలి బయట మందార పొద దగ్గర కీచుమంటూ ఏదో అరిచింది. పాయెరే చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా పట్టుకుంది. ఇంకొకటి మిగిలిపోయిందా?

ఆయన నన్ను అడగలేదు. అటువైపు తిరిగి, "మావయ్యా, ఏంటది?" అని గుసగుసగా అడిగాడు.

మా నాన్న వెనక్కి తిరిగి వాకిట్లోకి చూశాడు. తొందరపడలేదు.

"చిలకలు," అన్నాడు. "మూడు."

మణికట్టు మీద పట్టు సడలింది. నేను తల తిప్పలేదు. ఆ వానాకాలం మొత్తంలో మొదటిసారి, చూడాల్సిన పని నాది కాలేదు. ప్రార్థన చేద్దాం అన్నాడు పాస్టరు. అందరితో పాటు నేనూ కళ్ళు మూసుకున్నాను.